బెల్లం మొద్దు

ఫిబ్రవరి 8, ఆదివారం

పొద్దున్నే సుధాకర్ దిగాడు. మా ఆయన తమ్ముడు ఇంటికి వచ్చాడంటే ఏదో ఒకటి పట్టుకుపోవడానికే. ఈసారి మడత నలగని తెల్ల చొక్కా, మెడలో కండువా. అంటే పట్టుకుపోయేది ఎన్నికలకు పనికొచ్చేదన్నమాట.

సరాసరి వంటింట్లోకి వచ్చి మూడో అరలోంచి బెల్లం మొద్దు తీశాడు. రెండు చేతులతో కళ్లకద్దుకున్నాడు. నిన్న దానితో బెల్లం కొట్టి సరిగా తుడవలేదు. జిగురు నుదుటికి అంటుకుంది. చెప్పలేదు.

"వదినా, ఇదేంటో తెలుసా నీకు? మా తాత గద."

ముప్పై ఒక్కేళ్లుగా ఆ గదతో అరిసెలకూ పరమాన్నానికీ బెల్లం కొడుతున్నాను. ఇన్నాళ్లూ ఈ మనిషి తిన్నాడే గాని, దేనితో కొట్టావని ఒక్కసారి అడగలేదు.

సంగతి ఇది. వాళ్ల తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు దాకా వెళ్లొచ్చిన సిపాయి. వినుకొండ దగ్గర సొంత ఊళ్లో ఆయనకు విగ్రహం పెట్టిస్తాడట. మార్చి 8న ఆవిష్కరణ. ఎమ్మెల్యే వస్తాడట. వేదిక మీద పట్టుగుడ్డలో ఈ గద ఉండాలి, పక్కన అత్తయ్య కూర్చుని తన మామగారు ఎందర్ని చంపాడో మైకులో చెప్పాలి. ఎనభై నాలుగేళ్ల మనిషికి అప్పజెప్పిన పని.

అత్తయ్య కుర్చీలోంచి అంది — "గద కాదురా. ఆయుధమే కాదు. పనిముట్టు. మామయ్య అలాగే అనేవాడు." సుధాకర్ అప్పటికే ఫోన్లో ఉన్నాడు.

భోజనాలప్పుడు మళ్లీ ఈ ఇంటి తంతు. తింటున్న మనిషి వెనక ఎవరూ నిలబడకూడదు. అందరూ గోడకు వీపు ఆనించి కూర్చోవాలి, వడ్డించేవాళ్లు ఎదురుగా రావాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఈయనకు వెనకనుంచి నేను నెయ్యి వేయబోతే అత్తయ్య నా మణికట్టు పట్టుకుని లాగింది. గిన్నె బోర్లాపడింది. ఎందుకని అడిగితే "ఈ ఇంటి పద్ధతి" అంది. పెళ్లిళ్లలో గోడవార కుర్చీల కోసం వీళ్లు పడే పాట్లు చూసి క్యాటరింగువాళ్లు నవ్వుకుంటారు. ఈ ఇంట్లో ఉన్న అర్థంలేని ఆచారాల్లో ఇది మొదటిది. పాటిస్తున్నాను. పాటించడం వేరు, గౌరవించడం వేరు.

ఫిబ్రవరి 9

సామాన్ల పుస్తకం తీసి చూశాను. వంటిల్లు, మూడో అర, వరస సంఖ్య 41: బెల్లం మొద్దు – 1. తొమ్మిది వందల అరవై గ్రాములు. మూరకు రెండు వేళ్లు తక్కువ. కర్రపిడి, చిన్న దానిమ్మకాయంత ఇనప తల, తల చుట్టూ నిలువుగా ఆరు పళ్లు. పిడి మీద తొమ్మిది గాట్లు.

చింతపండుతో తోమి పెట్టాను. గద అనిపించలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

సుధాకర్ ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. మస్తాన్‌వలీ గారు. సైన్యంలో సుబేదారుగా రిటైరై, ఇక్కడే బ్రాడీపేటలో జిరాక్సు షాపు పెట్టుకున్నారు. కరపత్రంలో వేసుకోవడానికి ఆయన చేత నాలుగు ముక్కలు రాయించుకోవాలట. సుధాకర్ తెచ్చిన మనిషి కదా, ఇతనూ అంతేలే అనుకుని సున్నుండల పళ్లెం ముందు పెట్టాను. నా అంచనా తప్పింది.

మొద్దు చేతిలోకి తీసుకున్నారు. ఎత్తలేదు, ఊపలేదు. వేలితో ఇనప పళ్లు తడిమి, రెండో చేతిలో సగం కొరికిన సున్నుండ పళ్లెంలో పెట్టేశారు.

"అమ్మా, ఇది ఎక్కడ ఉంచుతున్నారు?"

వంటింట్లో అన్నాను. బెల్లం కొడతామని చెప్పాను.

తర్వాత చెప్పారు. ఇలాంటిది పూణేలో ఒక మ్యూజియంలో చూశారట. ఆ యుద్ధంలో రెండు పక్షాలవాళ్లూ కందకాలు తవ్వుకుని నెలల తరబడి ఎదురెదురుగా కూర్చున్నారు. చీకట్లో కొంతమందిని అవతలి కందకంలోకి పంపేవాళ్లు. మొహాలకు మసి పూసుకుని, పాక్కుంటూ వెళ్లాలి. కందకంలో ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేరు. అక్కడ తుపాకీ తిప్పడానికి చోటు చాలదు, పేలిస్తే ఊరంతా లేస్తుంది. అందుకని తుపాకులు వదిలేసి చేతికి దొరికినవి పట్టుకుపోయేవాళ్లు. పొట్టి కత్తులు. అంచు పదునుపెట్టిన చిన్న పారలు. వేళ్లకు తొడుక్కునే ఇనప కట్లు. మేకులు కొట్టిన దుడ్డుకర్రలు. ఆ చిన్న పార పిడికే ఇలా ఇనప తల తొడిగిన మొద్దులు.

"చప్పుడు కాకూడదమ్మా. అంతే దీని పని" అన్నారు.

సుధాకర్ ముందుకు వంగి, "మరి ఎదురుగా వచ్చి తలపడతారు గదా సార్, వీరుడిలాగా" అన్నాడు.

ఆయన తన మెడ వెనక, జుట్టు ఆగే చోట రెండు వేళ్లు పెట్టి చూపించారు. "ఇనప టోపీ ఇక్కడిదాకా రాదు" అన్నారు.

సుధాకర్ వెనక్కి ఆనుకుని — "అది రాయొద్దులెండి."

వెళ్తూ చెప్పులు వేసుకుంటూ ఆయన నాకు ఒక్క మాట చెప్పారు. యుద్ధం నుంచి ఇంటికి తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది అలాంటివి ఏ బావిలోనో పారేశారట. తాతగారు వంటింట్లో ఎందుకు పెట్టారో తనకూ తెలియదట.

ఫిబ్రవరి 14

బెల్లం కత్తిపీటతో తరిగాను. చెయ్యి నొప్పి.

పనిముట్టు. ఇన్నేళ్లూ అది తాతగారి వినయం అనుకున్నాను. వినయం కాదు. ఉన్న మాట.

ఫిబ్రవరి 19, గురువారం

విగ్రహం చూడ్డానికి తెనాలి, శిల్పి దగ్గరికి. సుధాకర్ కారు, ముందు సీట్లో ఈయన, వెనక అత్తయ్య, నేను. దారిపొడుగునా మిర్చి లారీలు. అత్తయ్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే కూర్చుంది.

విగ్రహం పచ్చి బంగారు రంగు. ఇంత మీసం. తాతగారి ఫోటో మా హాల్లోనే ఉంది, మీసం లేదు. మోకాళ్ల దాకా బూట్లు. కుడిచేత్తో ఆకాశంలోకి పొడుగాటి కత్తి. అసలు ఆ ఒళ్లు వేరే నాయకుడి కోసం పోసిందట, వాళ్లు డబ్బు కట్టక వదిలేస్తే దీనికి తల మార్చారు. చూపుడువేలితో దారి చూపిస్తున్న చేతిలో కత్తి ఇరికించారు. ఆ వేలు ఇంకా చాచే ఉంది. అలా పట్టుకుంటే ఉల్లిపాయ కూడా తెగదు.

"కత్తి ఎందుకు? ఆయన దగ్గర ఉన్నది ఇది కాదుగా" అన్నాను.

"వదినా, ఆ పొట్టి మొద్దు పట్టుకుంటే దూరానికి మైకు పట్టుకున్నట్టు ఉంటుంది" అన్నాడు సుధాకర్. ఈ ఒక్క విషయంలో అతను నిజమే చెప్పాడు.

ఈయన చుట్టూ తిరిగి చూసి బాగుందన్నాడు. ఈయనకు బాగుండనిది నేను ఇంతవరకు చూడలేదు.

అత్తయ్య దూరంగా స్టూలు మీద కూర్చుంది. వెళ్దాం అంది. అంతే.

ఫిబ్రవరి 24, మంగళవారం

కరపత్రాలు వచ్చాయి. ఎమ్మెల్యే బొమ్మ పళ్లెమంత, సుధాకర్ బొమ్మ గిన్నెంత, తాతగారి బొమ్మ పావలా బిళ్లంత. దానికీ మీసం గీశారు. కింద ఎర్ర అక్షరాలు: "వీర గద మీద తొమ్మిది గాట్లు! తొమ్మిది మంది శత్రువుల లెక్క!"

అత్తయ్యకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. చదివాను. నవ్వడం మొదలుపెట్టింది. కట్టుడుపళ్లు ఊడి ఒళ్లో పడేదాకా నవ్వింది.

ఆ గాట్లు పెట్టింది అత్తయ్యే. సుధాకర్ అన్నప్రాసనకు తొమ్మిది బెల్లం దిమ్మలు తెప్పించారట. అప్పటికి అత్తయ్యకు అంకెలు రావు. ఇంటినిండా చుట్టాలు, వంటవాళ్లు. ఏ దిమ్మ ఎటు పోతుందో తెలియాలని, దిమ్మ కొట్టినప్పుడల్లా పిడి మీద ఒక గాటు. అప్పటికి తాతగారు ఉన్నారు. కోడలు గాటు పెడుతుంటే చూసి, కత్తి మొండిగా ఉందని తీసుకెళ్లి పదును పెట్టి తెచ్చిచ్చారట. కోప్పడలేదు.

అంటే సుధాకర్ చూపించబోయే తొమ్మిది మంది శత్రువులూ అతని అన్నప్రాసన బెల్లమే.

ఈ ఇంట్లో లెక్క సరిగా రాసిన ఆడది నాకంటే ముందు ఒకతి ఉందని ఇవాళే తెలిసింది.

ఫిబ్రవరి 25

సుధాకర్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"వదినా, అయిదు వేల కరపత్రాలు అచ్చయ్యాయి."

అచ్చయిందే నిజం అనుకునే మనిషి. గాట్ల సంగతి అమ్మకు మతిమరుపు వల్ల తేడాగా గుర్తుండి ఉంటుందట. ఎనభై నాలుగేళ్ల మనిషికి మతిమరుపట. అదే మనిషి మైకులో తొమ్మిది మందిని చంపిన సంగతి చెప్పడానికి మాత్రం మతి ఉండాలి.

ఫిబ్రవరి 28

అత్తయ్య మూడు రోజులుగా సరిగా తినడం లేదు. మొన్న నవ్వినదే నవ్వు. అడిగితే అరగడం లేదంటుంది.

ఈయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామన్నాడు. తీసుకెళ్లలేదు.

మార్చి 2, సోమవారం

మధ్యాహ్నం. ఈయన పడుకున్నాడు. అత్తయ్య వంటింట్లోకి వచ్చి పీట వేసుకుంది. తలుపు దగ్గరగా వెయ్యమంది. మొద్దు తీసి తన ముందు పెట్టమంది. పెట్టాను.

చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా మాట కలపను.

అత్తయ్య ఆ ఇంటికి కోడలుగా వచ్చిన వారం. తాతగారు అరుగు మీద పీట వేసుకుని అన్నం తింటున్నారు. అత్తయ్య నేతి గిన్నె పట్టుకుని వెనకనుంచి వెళ్లింది. నీడ కంచంలో పడింది. ఆయన అరిచి లేచారు. కంచం ఎగిరిపోయింది. కొత్తకోడలు ఏడుస్తూ లోపలికి పోయింది. ఆ పూటంతా ఆయన ఎవరికీ కనిపించలేదు. మర్నాడు వంటింటి గుమ్మంలో కూర్చుని ఈ మొద్దుతో బెల్లం కొడుతూ, తల ఎత్తకుండా చెప్పారట.

"నీ తప్పు లేదమ్మా. నేను ఒకణ్ణి తింటుండగా వెనకనుంచి కొట్టాను."

ఒక్కడే. తొమ్మిది మంది కాదు. అవతలి కందకంలో గోడవైపు తిరిగి కూర్చుని డబ్బాలోంచి ఏదో తింటున్నాడట. చెంచా చప్పుడు వినపడుతోందట. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. పడ్డాక కూడా చెంచా వదల్లేదు. కూడా వెళ్లినవాళ్లు తాతగారి భుజం తట్టారు. ఇవతలికి వచ్చాక వేడి టీ ఇచ్చారు. తాగారట. అది కూడా చెప్పారు, తాగానని.

అందుకని ఆ వస్తువును పారెయ్యలేదు. పారేస్తే అది చేసిన ఆఖరి పని ఆ చావే అయి మిగిలిపోతుందట. ఏదో ఒక తిండి పనికి వాడమన్నారు. తింటున్నవాళ్ల వెనక ఎవరూ నిలబడకుండా చూడమన్నారు. ఎందుకో చెప్పొద్దన్నారు.

"మగపిల్లలకు అసలే చెప్పకమ్మా. చెబితే గొప్పగా చెప్పుకుంటారు."

అత్తయ్య మాట ఇచ్చింది. మొగుడికి చెప్పలేదు. ఇద్దరు కొడుకులకు చెప్పలేదు. ఇవాళ నాకు చెప్పింది. నేను మగపిల్లాణ్ణి కాదు కాబట్టి మాట తప్పినట్టు కాదేమో అంది.

ఇప్పుడు మైకు పెడతారు. తొమ్మిది మంది అంటే, ఆయన భయపడ్డదే తన నోటితో జరిపించినట్టు. అసలు సంగతి చెబితే మాట తప్పినట్టు. ఊరుకుంటే ఆ కత్తి పట్టుకున్నవాడు అలాగే నిలబడిపోతాడు, విగ్రహమై.

"నువ్వయితే ఏం చేస్తావే?" అంది.

మొద్దు తీసి మళ్లీ మూడో అరలో పెట్టాను.

సాయంత్రం ఉప్మా పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. తింది.

మార్చి 3

అర్థంలేని ఆచారం అని కిందటి నెల నేనే రాశాను. కొట్టెయ్యను. అలాగే ఉండనీ.

మార్చి 5, గురువారం

ఈయనతో మాట్లాడాను. అసలు సంగతి చెప్పలేదు, ఈయన కూడా మగపిల్లాడే. మొద్దు పంపడం అత్తయ్యకు ఇష్టం లేదని మాత్రం అన్నాను.

"ఇచ్చేస్తే పోలా. బెల్లం కొట్టుకోవడానికి వేరేది కొనుక్కో" అన్నాడు. పేపరు దించలేదు.

ఈ అన్నదమ్ముల్లో ఒకడు అబద్ధం ఆడతాడు, ఇంకొకడు దానికి అడ్డం లేస్తాడా అంటే పక్కకు జరిగి దారి ఇస్తాడు. ఎవరు నయమో ముప్పై ఏళ్లుగా తేలలేదు.

మార్చి 6

ఊరినుంచి కబురు. షామియానా వెయ్యడానికి కల్లంలో ఆరబోసిన మిరపకాయ ఎత్తించేశారట. కౌలురైతు భార్య ఫోన్లో అడిగింది — "అక్కా, ఆ తాతకు కాయ ఇలా ఎత్తించడం ఇష్టమేనా?" ఈ మొత్తం వ్యవహారంలో తాతగారికి ఏది ఇష్టమని అడిగినది ఈవిడ ఒక్కతే.

మార్చి 7

మొద్దు తోమాను. వెండిరంగు వేయించి పంపమని సుధాకర్ మెసేజ్. వేయించలేదు.

మార్చి 8, ఆదివారం

కారు ఎక్కేముందు పది నిమిషాలు దొరికాయి. రాస్తున్నాను.

ఏడింటికి సుధాకర్ వచ్చాడు, కూడా ఇద్దరు కండువాలు. టిఫిన్ పెట్టమన్నారు. గోడవార కుర్చీల్లో ఆ ఇద్దరూ ముందే కూర్చున్నారు. మిగిలిన కుర్చీ వంటింటి గుమ్మానికి వీపు పెట్టి ఉంది. సుధాకర్ అందులో కూర్చున్నాడు. తొందరలో ఉన్నాడు. ఈ ఇంటి పద్ధతి అతనికి గుర్తు రాలేదు.

నేను మొద్దు పట్టుకుని వంటింట్లోంచి వచ్చాను. ఇవ్వను అని చెప్పాలనే వచ్చాను. మాట కూడా సిద్ధం చేసుకున్నాను — ఇది మీ తాతది కాదు, నా వంటింటిది, జాబితాలో ఉంది అని.

గుమ్మంలో ఆగిపోయాను.

అతని మెడ. జుట్టు ఆగే చోట రంగు సరిగా అంటలేదు, తెల్లగా ఒక గీత. పౌడరు చారికలు. చొక్కా కాలరు వెనక లేబులు బయటికి వచ్చి ఉంది. ఇడ్లీ నములుతుంటే చెవులు కదులుతున్నాయి. చెంచా గిన్నెకు తగిలి చప్పుడవుతోంది. అతనికి నేను వచ్చినట్టు తెలియదు.

మస్తాన్‌వలీ గారు చూపించిన చోటు అదే.

కొట్టాలని కాదు. అంత కోపం కూడా లేదు. ఎంత సులువో మాత్రం తెలిసింది. ఇన్ని రోజులుగా ఈ మనిషిని ఈ పేజీల్లో ఎన్ని అన్నానో, అన్నీ వెనకనుంచే.

అత్తయ్య ఎదురు కుర్చీలోంచి నన్నే చూస్తోంది. చెయ్యి కంచంలో ఆగిపోయి ఉంది.

"ఇటు రావే" అంది మెల్లగా. "ముందుకు రా."

బల్ల చుట్టూ తిరిగి సుధాకర్ ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. తల ఎత్తి చూశాడు. మొద్దు చూసి మొహం విప్పారింది. ఎడమచెయ్యి చాచి, "ఇలా ఇవ్వు వదినా" అన్నాడు.

"తినండి. తిన్నాక మాట్లాడదాం" అన్నాను.

అతను తిన్నాడు. అందరూ తినేదాకా అత్తయ్య లేవలేదు. తర్వాత చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మొద్దు తన సంచిలో పెట్టమంది. పట్టుగుడ్డ వద్దంది. బెల్లం కట్టే పాత గుడ్డ తెమ్మంది.

"నేనే పట్టుకొస్తానురా. మైకు నాకివ్వమను. నేను మాట్లాడేటప్పుడు ఎవరూ మధ్యలో అందుకోకూడదు."

సుధాకర్ పొంగిపోయాడు. అమ్మ మాట్లాడుతుందని అప్పుడే నలుగురికి ఫోన్లు చేశాడు. ఈయన కూడా సంతోషంగా ఉన్నాడు, గొడవ లేకుండా తేలిపోయిందని.

చీర కుచ్చిళ్లు సర్దుతూ చెవిలో అడిగాను — తొమ్మిదా, ఒకటా?

"గ్యాస్ కట్టావా?" అంది.

కట్టాను. రెండుసార్లు చూశాను. హారన్ కొడుతున్నారు. మూడో అరలో 41 చోటు ఖాళీగా ఉంది. జాబితాలో కొట్టెయ్యలేదు.